నాలుగు గంటల ఫోను

పోయిన బుధవారం సాయంత్రం సరిగ్గా నాలుగు గంటలకు మా ఇంట్లో ఇంటర్‌కమ్ మోగింది. ఎదురింటి నంబరు. రెండు రోజులుగా ఆసుపత్రిలో ఉన్న అన్నయ్యగారు ఇంటికి వచ్చేశారనుకున్నాను. చేతిలో కూరగాయల కత్తి అక్కడే పడేసి గబగబా వెళ్ళి ఎత్తి, రోజూ అనే మాటే అన్నాను.

"ఇటు అంతా ఓకే అన్నయ్యగారూ. అటు?"

అటు నుంచి ఆయన కూతురి గొంతు వచ్చింది.

"అత్తమ్మా, నేను. నాయన పోయిండు. పగటీలి రెండింటికి. దవాఖానలనే."

నేను "సరే అమ్మా" అన్నాను. ఆ మాట ఎందుకన్నానో ఇప్పటికీ తెలియదు. ఫోను పెట్టేసి, పొయ్యి మీద పాలు పెట్టి మరిచిపోయానేమోనని వంటింట్లోకి వెళ్ళి చూశాను. పొయ్యి మీద ఏమీ లేదు. మళ్ళీ వచ్చి ఫోను దగ్గర నిలబడ్డాను. ఎవరైనా ఫోను చేసి, కాదు, పొరపాటున చెప్పాం అంటారేమోనని చాలాసేపు నిలబడ్డాను.

ఆయన నాకు చుట్టం కాదు. మా ఎదుటి ఫ్లాటు మనిషి. సైన్యంలో సుబేదారుగా చేసి ఎప్పుడో రిటైరయ్యారు. సొంత ఊరు ఈ నానక్‌రామ్‌గూడే. ఇప్పుడు మా అపార్ట్‌మెంటు ఉన్న చోటే వాళ్ళ పెంకుటిల్లు ఉండేదట. స్థలం బిల్డరుకిస్తే వాటాగా ఈ ఫ్లాటు వచ్చింది. భార్య పోయాక ఒక్కరే ఉండేవారు. పెళ్ళయిన కూతురు ఆదివారాలు వచ్చి వండిపెట్టి వెళ్ళేది. మేము శ్రీకాకుళం పక్కవాళ్ళం. నా కూతురికి ఇక్కడి కంపెనీలో ఉద్యోగం. దాని దగ్గర ఉంటున్నాను. పొద్దున తొమ్మిదికి వెళ్తే చీకటిపడ్డాక వస్తుంది. నా కొడుకు సిపాయి. సరిహద్దు మీద ఉన్నాడు. ఎక్కడో చెప్పడు. చెప్పకూడదంటాడు.

నేను ఐదో తరగతి దాకా చదివాను. దేశాల సంగతి నాకేం తెలుసు? కానీ కొడుకు సరిహద్దులో ఉన్న తల్లికి టీవీలో ఒక మాట మాత్రం బాగా తెలుస్తుంది. కాల్పుల విరమణ. ఆ మాట వచ్చిన రోజు అన్నం సహిస్తుంది. 'ఉల్లంఘన' అన్న మాట వచ్చిన రోజు సహించదు. ఈ రెండు మాటల మధ్య ఏం జరుగుతుందో, ఆపుతామని ఒప్పుకున్నవాళ్ళు మళ్ళీ ఎందుకు మొదలుపెడతారో నాకు చెప్పిన ఒకే ఒక్క మనిషి ఆయన. అందుకే ఇది రాస్తున్నాను. తప్పులు నా కూతురు దిద్దింది.

మొదటిసారి నేను ఆయన తలుపు కొట్టింది ఒక శనివారం సాయంత్రం. నాలుగు రోజులుగా టీవీ నిండా యుద్ధం. ఆ సాయంత్రం హఠాత్తుగా రెండు దేశాలూ కాల్పులు ఆపేశాయని చెప్పారు. నేను దండం పెట్టుకుని పరమాన్నం వండేశాను. ఇరుగుపొరుగు ఎవరో సరిగా తెలియదు. అయినా గిన్నె పట్టుకుని ఎదురింటికి వెళ్ళాను.

"ఆపేశారటండీ! ఇంక భయం లేదు, తీసుకోండి" అన్నాను.

ఆయన గిన్నె అందుకుని మూత తీసి వాసన చూశారు. ఇస్త్రీ చొక్కా, నున్నగా గీసిన గడ్డం, కాళ్ళకు పాలిష్ చేసిన బూట్లు. ఇంట్లో ఒంటరిగా కూర్చున్న మనిషికి బూట్లెందుకో అనుకున్నాను.

"పాయసం తింట చెల్లె. గానీ భయం లేదనకు. తుపాకి కిందికి దించినరు, గంతే. వేలు ఇంకా గాడనే ఉన్నది."

శుభమా అని తీపి తెస్తే ఏం మాటలివి అని నాకు ఒళ్ళు మండింది. ఇంటికొచ్చి మా అమ్మాయితో, ఎదురింటాయన నోటికి మంచి రాదే అన్నాను. రెండు గంటలు తిరగలేదు, టీవీలో మళ్ళీ పేలుళ్ళన్నారు. ఒప్పందం చెడిందన్నారు. నేను చెప్పులు కూడా లేకుండా వరండాలోకి పరుగెత్తాను. ఆయన తలుపు తెరిచే ఉంది. నేను వస్తానని తెలిసినట్టు కుర్చీ వేసి ఉంచారు.

"కూసో. ముందుగాల నీళ్ళు తాగు. పైన ఇద్దరు పెద్దమనుషులు ఫోన్ల మాట్లాడుకున్నరు. ఆ మాట కిందికి దిగాలె. దిగి దిగి, ఏడనో గుట్ట మీద వానల తడుస్తున్న సిపాయి చెవుల పడాలె. వానికి పొద్దుగాలనే దోస్తు సచ్చిపోయిండు. వాడు ఎంబడే ఆపుతడా? జర టైం పడ్తది. ఇది చెడుడు కాదు. ఇది ఇప్పుడిప్పుడే నిలబడుడు."

పొద్దుటికి నిజంగానే సద్దుమణిగింది. ఆ రోజు నుంచి నేను ఆయన్ని వదిలిపెట్టలేదు. టీవీలో ఏ చిన్న మాట వచ్చినా తలుపు కొట్టడమే. పాలవాడు రాకముందు ఒకసారి, స్నానమయ్యాక ఒకసారి, టిఫినయ్యాక ఒకసారి. పాపం ఆయన విసుక్కోలేదు గానీ నాలుగో రోజున నవ్వుతూ అన్నారు:

"నువ్వు శత్రువు కంటె ఎక్కువ ఉల్లంఘిస్తున్నవ్ చెల్లె. ఇట్ల గాదు. రోజూ నాలుగింటికి నేను ఇంటర్‌కమ్ జేస్త. నీ ఫికర్ అంతా గప్పుడు చెప్పు. గప్పటిదాంక తలుపు కొట్టద్దు."

"మీకు చెప్పడానికి ఏమీ లేకపోతేనండీ?"

"ఏం లేదని చెప్పెటందుకే జేస్త."

ఆ మాట తర్వాత విడమరిచి చెప్పారు. ఆయన సైన్యంలో చేసింది ఫోను తీగల పని. ఎత్తైన చోట ఒక చిన్న గదిలో ఒక ఫోను ఉండేదట. దాని రెండో కొస అవతలి దేశం వాళ్ళ గదిలో. వారానికొకసారి, అనుకున్న వేళకు, ఎవరో ఒకరు మోగించాలి. ఇటు అంతా ఓకే, అటు? అంతే. తీగ తెగితే మంచులో నడిచి వెళ్ళి అతికించే పని ఈయనది.

"ఫోన్ మోగినన్ని దినాలు ఏదన్న తప్పు జరిగితె అడగొచ్చు. 'నిన్న మీ దిక్కుకెల్లి గుండొచ్చింది, ఏంది కథ?' అని. వాడు చెప్తడు, కొత్త పిల్లగాడు భయపడి పేల్చిండు, మాఫ్ చెయ్యండి అని. అయిపాయె. ఫోన్ లేకుంటె అడగరు. అడగకుంటె అనుకుంటరు. మనిషి ఒక్కడే కూసొని అనుకునేటిది ఎన్నడూ మంచిగుండదు."

నేను ఒక్కదాన్నే కూర్చుని ఏమేం అనుకుంటానో నాకు తెలుసు కాబట్టి ఆ మాట నాలో దిగబడిపోయింది.

అలా నాలుగు గంటల ఫోను మొదలైంది. మూడున్నరకే నేను ముఖం కడుక్కుని బొట్టు సరిచేసుకుని కూర్చునేదాన్ని. ఆయనా అటు బూట్లు వేసుకుని కూర్చునేవారని తర్వాత తెలిసింది. ఫోను కోసం బూట్లెందుకండీ అంటే, "డ్యూటీ" అన్నారు. నేను అడిగేది ఎప్పుడూ ఒకటే: "ఇవాళ నిలబడుద్దాండీ?" ఆయన ఎప్పుడూ అవునని గానీ కాదని గానీ అనలేదు. "నిన్న నిలబడ్డది. ఇయ్యాల కొత్తగ నిలబెట్టాలె" అనేవారు. కట్టిన గోడలా అదంతట అది ఉండదట. రోజూ మోసేవాళ్ళు ఉంటేనే ఉంటుందట.

కొన్ని రోజులు ఫోను చాలక టీ గ్లాసు పట్టుకుని వరండాలో కుర్చీలు వేసుకునేవాళ్ళం. మా వరండా చివర్న కటకటాల్లోంచి చూస్తే పెద్ద పెద్ద అద్దాల ఆఫీసులు కనిపిస్తాయి. కింద షేర్ ఆటోలవాళ్ళు గచ్చిబౌలి, గచ్చిబౌలి అని అరుస్తుంటారు. ఆయన వేలు చూపించి ఆ టవరున్న చోట మా చింతచేను, ఈ టవరున్న చోట మా మేకలు అనేవారు. బాధ లేకుండానే చెప్పేవారు. ఒకరోజు పాత క్యాలెండరు కాగితం వెనక పెన్సిలుతో ఒక గీత గీసి చూపించారు.

"కాయిదం మీద గీత ఇంత సన్నగ ఉంటది. నేల మీదికి దించితె అదే గీత గుట్టంత లావుంటది. ఆ గుట్ట మీద బాయి ఎవరిది? గడ్డి ఎవరిది? రాసిన పెద్దమనుషులు ఆ గుట్ట సూడలే. ఆపుమని రాసిన్రు. వానకు కూలిన గోడ మల్ల కట్టుకోవచ్చా, వద్దా? రాయలే. వీడు గోడ కట్టుకుంటడు. వాడు తుపాకులు పెట్టెటందుకు మోర్చా కడ్తున్నడు అనుకుంటడు. ఇగ మొదలు."

ఆయన ఆఫ్రికాలో కూడా పనిచేశారు. శాంతిసేన నీలం టోపీ పెట్టుకుని, తగాదా పడ్డ రెండు దేశాల నడుమ కాపలా. అక్కడ రెండు వైపులవాళ్ళూ ఫిర్యాదులు రాసి ఈయన పనిచేసే గుడారానికే తెచ్చి ఇచ్చేవారట. అవి పెద్దలకు పంపేముందు ఈయన పక్కపక్కన పెట్టి చదివించుకునేవారట. ఒకే రోజు, ఒకే వాగు దగ్గర జరిగిన గొడవ. వీళ్ళ కాగితంలో వాళ్ళే మొదలుపెట్టారు, మేము బదులిచ్చాం. వాళ్ళ కాగితంలో వీళ్ళే మొదలుపెట్టారు, మేము బదులిచ్చాం.

"అయితే ఒకరు అబద్ధం రాసినట్టే కదండీ" అన్నాను.

"గదే చెల్లె, ఎవ్వలూ అబద్ధం రాయలే. ఎవనికి ఏడ నొచ్చిందో వాడు ఆడికెల్లి లెక్కబెట్టుకున్నడు. దానికి ముందు వాడు ఏం జేసిండో వానికి యాది లేదు."

ఇంత తెలిసిన మనిషి. ఇంత విన్న నేను. మేమిద్దరం ఏం చేశామో ఇప్పుడు చెప్పాలి. చెప్పకుండా ఆయన్ని పొగిడితే ఆయనకే నచ్చదు.

మా రెండు తలుపుల మధ్య ఏడు టైళ్ళ వరండా ఉంది. నేను రోజూ గుమ్మం ముందు ముగ్గు వేస్తాను. ఆయన గుమ్మం పక్కన బూట్ల స్టాండు. మొదట్లోనే ఒక మాట అనుకున్నాం. మూడు టైళ్ళు నా ముగ్గుకి, రెండు ఆయన స్టాండుకి, మధ్యలో రెండు నడవడానికి. ఆయన నవ్వుతూ నల్లటి కరెంటు టేపు చిన్న ముక్కలు అంటించి, ఇది మన బార్డరు అన్నారు.

ఒక గురువారం పొద్దున ముగ్గు గిన్నెతో బయటికి వస్తే స్టాండు టేపు దాటి ముందుకు వచ్చి ఉంది. ఒక్క టైలు. దాని కాలు మధ్యలో నడిచే టైలు మీద ఉంది. అంతకుముందు రోజే నేను ఫోనులో మూడుసార్లు ఒకటే ప్రశ్న అడిగాను. ఆయన "ఎన్నిసార్లు చెప్పాలె చెల్లె" అన్నారు. ఆ గొంతు నాకు గుర్తొచ్చింది. నేనంటే విసుగొచ్చింది, నోటితో చెప్పలేక ఇలా చెప్పారు అనుకున్నాను. అడగలేదు. తలుపు నాలుగడుగుల దూరంలో ఉంది. లోపల ఆయన రేడియో వినపడుతోంది. అయినా అడగలేదు. మా బాల్కనీలోని తులసి కుండీ ఈడ్చుకొచ్చి మధ్య టైళ్ళ మీద పెట్టాను. స్టాండు ఇంక ముందుకు రాకుండా. అంతే నా ఉద్దేశం. ఆయన కర్రతో నడిచే మనిషని ఆ క్షణంలో నాకు తట్టలేదు.

ఆ సాయంత్రం నాలుగింటికి ఫోను మోగలేదు.

మర్నాడు కుండీ పక్కన ఆయన మడత కుర్చీ వచ్చి ఉంది. దానికి బదులుగా నేను డోర్‌మ్యాట్ ముందుకు జరిపాను. మా అమ్మాయి ఆఫీసుకి పోతూ అటూ ఇటూ తట్టుకుని, "అమ్మా, ఏంటిది? లిఫ్ట్ దాకా వెళ్ళడానికి వీసా కావాలా?" అంది. నేను లోపలికి వెళ్ళిపోయాను.

పదకొండు రోజులు. ఆ పదకొండు రోజుల్లోనే సరిహద్దు మళ్ళీ వేడెక్కింది. టీవీలో ఎర్ర అక్షరాలు. ఆదివారం రావలసిన మా వాడి ఫోను రాలేదు. సోమవారమూ రాలేదు. నాకు అన్నం ముద్ద గొంతు దిగలేదు. అడగడానికి ఎవరూ లేరు. మా అమ్మాయి రాత్రి వచ్చి, ఏం కాదమ్మా, సిగ్నల్ ఉండదు కదా అని ల్యాప్‌టాప్ తెరిచేది. దానికీ భయమే. నా ముందు చూపించదు. రోజూ మూడున్నరకు అలవాటుగా ముఖం కడుక్కుని కూర్చునేదాన్ని. ఫోను వైపు చూసేదాన్ని. నేనే చేయొచ్చు. నంబరు నొక్కితే సరిపోతుంది. కానీ నేను చేస్తే కుండీ పెట్టిన తప్పు నాదేనని ఒప్పుకున్నట్టు కదా అనిపించేది. స్టాండు జరిపిందాయన. ఆయనే చేయాలి.

ఒకరోజు ఉండబట్టలేక వెళ్ళి తలుపు కొట్టడానికి చెయ్యెత్తాను. లోపల ఆయన దగ్గు వినిపించింది. చెయ్యి దించి తిరిగి వచ్చేశాను.

పదకొండో రోజున మా అంతస్తు తుడిచే ఆమె ఊరి నుంచి తిరిగి వచ్చింది. బకెట్టు కింద పెట్టి, కుండీనీ కుర్చీనీ చూసి మొత్తుకుంది.

"ఏందమ్మా ఇది, సంత పెట్టిన్రా? నేను తుడిచేదెట్ల?"

"ఆయన స్టాండు ముందుకు జరిపారు. నేనేం చేయను?" అన్నాను.

"ఆయన యాడ జరిపిండు? నేనే జరిపిన! ఆ దినం స్టాండెన్క ఎలుక సచ్చి ఉండె. తుడిచి, మల్ల వెనక్కి పెట్టుడు మర్చిపోయిన. గా ముసలాయనకు స్టాండు జరిపేటంత బలమేడిది?"

ఎప్పుడు నాలుగవుతుందా అని ఆ రోజు చూసినట్టు ఎప్పుడూ గడియారం చూడలేదు. నాలుగింటికి నంబరు నొక్కాను. మొదటి గంట పూర్తి కాకుండానే ఎత్తారు.

"ఇటు అంతా ఓకే. అటు?" అన్నారు.

నేను ఏడ్చాను. మా వాడి ఫోను రాలేదని చెప్పాను. కుండీ సంగతి చెప్పాను. ఎలుక సంగతి చెప్పాను. అన్నీ ఒకేసారి చెప్పాను. ఆయన అంతా విన్నారు.

"పదకొండు దినాలు బూట్లేసుకొని ఫోను ముంగట కూసున్న చెల్లె. ఎత్తలే. నీ ముగ్గు గిన్నె సప్పుడు విన్న. తలుపు దాంక వచ్చి మర్లిపోయిన సప్పుడు గూడ విన్న. నా తొవ్వకు కుండి అడ్డం పెట్టింది, ఆమెనే చెయ్యాలె అనుకున్న. ఉద్యోగమంతా గిసుంటి ఫోన్ మోగేటట్టు సూసుడే నా పని. అయినా ఎత్తలే. ఇప్పుడు తెలిసిందా, దేశాలు ఎందుకు ఎత్తవో?"

తర్వాత నెమ్మదిగా అన్నారు: "తెల్వక కాదు. ముందుగాల ఎత్తినోడు తప్పు ఒప్పుకున్నట్టు కనబడతది. ఈడ మనం ఇద్దరమే, సూసెటోడు లేడు. అయినా మనకే ఇట్లుంటె, కోట్ల మంది సూస్తుంటె వాళ్ళకెట్లుంటది?"

మా వాడి ఫోను ఆ బుధవారం వచ్చింది. బాగానే ఉన్నాడు. మంచు తుఫానుకి టవరు పనిచేయలేదట. ఆ సంగతి నేను మొదట చెప్పింది ఎదురింటి అన్నయ్యగారికే. నాలుగు దాకా ఆగలేదు. తలుపే కొట్టాను. ఉల్లంఘనే అయినా ఆయన ఏమీ అనలేదు.

కుండీ బాల్కనీకి వెళ్ళింది. కుర్చీ లోపలికి, స్టాండు వెనక్కి వెళ్ళాయి. టేపు కొత్తది అంటించారు. ఒప్పందంలో ఇంకో మాట కలిపారు. ఎవరు ఎవరి మీద అలిగినా సరే, నాలుగింటికి మోగించాలి. అలిగానని చెప్పడానికైనా మోగించాలి. తుడిచే ఆమెను పిలిచి ఆమెకూ చెప్పారు.

"సూడమ్మా, నువ్వు గూడ ఈ ఒప్పందంల ఉన్నవ్. స్టాండు జరిపితె ఇద్దరికీ చెప్పాలె. ఒప్పందంల లేనోళ్ళ వల్లనే ఒప్పందాలు చెడిపోతయ్."

"గీ కొలువుకు జీతమెంతిస్తరు సార్?" అందామె.

"రోజొక చాయ్."

"అల్లం ఏస్తేనే" అని ఆమె చీపురు చంకన పెట్టుకుంది. ఆ రోజు ముగ్గురం వరండాలో నిలబడి టీ తాగాం. అల్లం నేనే దంచాను.

తర్వాత దాదాపు ఏడాది ఒక్కరోజు తప్పలేదు. ఆయన దగ్గు పెరిగింది. మాట మధ్యలో ఆగి ఊపిరి తీసుకునేవారు. ఫోను మాత్రం ఆగలేదు. కొన్నాళ్ళు ఓకే అన్న ఒక్క మాటే అనగలిగేవారు. నేను ఏం వండానో చెప్పేదాన్ని, మా వాడు ఏమన్నాడో చెప్పేదాన్ని. ఆయన ఊఁ కొట్టేవారు.

పోయిన సోమవారం పొద్దున అంబులెన్సు వచ్చింది. చక్రాల కుర్చీలో కూర్చోబెట్టి లిఫ్టు దగ్గరికి తెచ్చారు. ఆ రోజు నేను చూసిన కొత్త సంగతి ఒక్కటే, కాళ్ళకు బూట్లు లేవు. చెప్పులున్నాయి. నన్ను చూసి చెయ్యి ఊపి దగ్గరికి రమ్మన్నారు. ముక్కుకున్న గొట్టం పక్కకు తీసి చెప్పారు:

"రెండు మూడు దినాలు లైన్ కట్ ఉంటది. పరేషాన్ గాకు. లైన్ కట్ అయినంత మాత్రాన లడాయి అయినట్టు కాదు."

"సరేనండీ. మీరు తొందరగా వచ్చేయండి" అన్నాను. లిఫ్టు తలుపు మూసుకుంది.

దహనానికి వాళ్ళ ఊరివాళ్ళు చాలామంది వచ్చారు. ఈ అద్దాల ఆఫీసుల వెనక సందుల్లో ఇంకా ఇంతమంది పాతవాళ్ళున్నారని నాకు తెలియదు. ఆడవాళ్ళ మధ్య ఒక మూల కూర్చున్నాను. పక్కనున్న ముసలామె, "నువ్వేమయితవ్ బిడ్డా?" అని అడిగింది. ఏమని చెప్పాలో తోచలేదు. ఎదురింటివాళ్ళం అన్నాను. ఆమె తల ఊపి అటు తిరిగింది. అంతే కదా, ఎదురింటివాళ్ళమే.

ఆదివారం మా వాడు ఫోను చేశాడు. విషయం చెప్పాను. అన్నం తింటున్నావా అని అడిగాడు. తర్వాత, "అమ్మా, వచ్చే వారం మేము వేరే చోటికి వెళ్తాం. ఫోను రాకపోవచ్చు. నువ్వు కంగారు పడి బీపీ తెచ్చుకోకు" అన్నాడు.

"లైన్ కట్ అయినంత మాత్రాన యుద్ధం అయినట్టు కాదులేరా" అన్నాను.

వాడు నవ్వాడు. "ఎవరు చెప్పారమ్మా నీకిది?"

"మీ డిపార్టుమెంటు మనిషే" అన్నాను. ఫోను పెట్టేశాకే ఏడ్చాను.

ఇప్పుడు సరిహద్దు నెమ్మదిగానే ఉందంటున్నారు. ఎన్నాళ్ళు నిలుస్తుందో అడగడానికి ఆయన లేరు. టీవీలో పెద్ద పెద్దవాళ్ళు కూర్చుని వాదించుకుంటారు. మనం గెలిచాం అంటారు. అవతలి దేశంలోనూ అదే అంటున్నారట. ఒకసారి ఆయన్ని అడిగితే, ఇద్దరూ గెలిచామనుకుంటే కొన్నాళ్ళు మంచిదే, ఏదో ఒక రోజు ఒకడు అద్దంలో చూసుకుని గెలవలేదని తెలుసుకుంటాడు, అప్పుడే భయం అన్నారు. ఆ మాట గుర్తొచ్చి టీవీ కట్టేస్తాను. కట్టేస్తే ఇల్లు మరీ నిశ్శబ్దంగా ఉంటుంది. మళ్ళీ పెడతాను.

ఆయన కూతురు నిన్న వచ్చి సామాను సర్దింది. ఫ్లాటు కిరాయికి ఇస్తారట. బూట్ల స్టాండు తీసేయమంటావా అత్తమ్మా అని అడిగింది. కొత్తవాళ్ళు వచ్చేదాకా ఉండనీ అమ్మా అన్నాను. ఇంటర్‌కమ్ కూడా పీకొద్దని చెప్పాను. ఎందుకని అడగలేదు. నా చెయ్యి పట్టుకుని కాసేపు నిలబడి, తాళం వేసుకుని వెళ్ళిపోయింది.

ముగ్గు ఇవాళ కూడా టేపు దాకానే వేశాను. దాని అవతల రెండు టైళ్ళు ఖాళీగా ఉన్నాయి. తర్వాత స్టాండు, దాని మీద ఆయన బూట్లు. పాలిష్ మీద దుమ్ము కొంచెం పడుతోంది.

మూడున్నరకు ముఖం కడుక్కుంటాను. నాలుగు కాగానే ఆయన నంబరు నొక్కి, మా తలుపు తెరిచి పెట్టుకుని వింటాను. ఎదురుగా తాళం వేసిన తలుపు వెనక, ఖాళీ గదిలో ఫోను మోగుతుంది. స్పష్టంగా వినిపిస్తుంది. తీగ బాగానే ఉంది.